ఇసుకలో మెట్టె

నూట పద్దెనిమిదో చుట్టు దగ్గర లక్ష్మీనర్సమ్మ వేలు ఆగింది. తీగ మీద తీగ ఎక్కిందేమో! గోటితో తడిమింది. ఎక్కలేదు. అయినా మళ్లీ తడిమింది.

ఆబిడ్స్‌లో రేడియో దుకాణం వెనక, మెట్ల కింది గదిలో పదకొండేళ్లుగా రాగి తీగ చుట్టడమే ఆమె పని. ఈ చుట్ట మాత్రం రేడియోకు కాదు, మందుపాతరల జాడ పట్టే కొత్త యంత్రానికి. ఇనుప పాతరలు పాత యంత్రాలకు దొరికేవి. ప్లాస్టిక్కు లాంటి బేకలైటు డబ్బాలో ఒక్క పిన్ను తప్ప ఇనుమే లేని పాతరలు దొరకవు. ఆ పిన్నును పట్టాలని ఇంజనీరు సోమయాజులు పట్టుదల.

యుద్ధం ముగిసి మూడు నెలలైంది. సరిహద్దులో పాతరలు అలాగే ఉన్నాయి. వాటిని ఏరే పటాలంలోనే ఉన్నాడు ఆమె కొడుకు కిషన్. సెలవు అయిపోయింది, ఈ సాయంత్రం ఆరింటికి నాంపల్లిలో బండి. "గా యంత్రం వచ్చేదాంక కడ్డీతోని గుచ్చి చూసుడే అమ్మా" అన్నాడు పొద్దున, అన్నం కలుపుకుంటూ. అప్పటినుంచి ఆమెకు మెతుకు దిగలేదు.

సోమయాజులు కొత్త చుట్టను యంత్రానికి తగిలించి, నేలమీది ఇసుక తొట్టిపై పట్టాడు. ఇసుకలో ఏమీ లేదు. అయినా కీ... మంది.

"మళ్లీ ఏడుపే! చుట్టడంలో తేడా ఉందమ్మా. విప్పండి. ఎల్లుండి మిలిటరీవాళ్లొస్తే ఏం చూపించను?"

ఇప్పటికి ఐదుసార్లు విప్పింది. భయంతో కాలు వెనక్కి లాక్కుంది. మోత ఆగింది. తొట్టి కదలకుండా ఎప్పటిలా పాదం ఆనించింది. కీ...!

"సార్, తీగ కాదు. నా మెట్టెలు!"

సోమయాజులు ఆమె కాళ్ల వైపు చూసి తల దించుకున్నాడు. చుట్టలో ఇంకా నాలుగు చుట్లు తగ్గించి సరిచూడాలి. ఆ గదిలో కాలు జరిపే చోటు లేదు. తియ్యమని ఎలా అనడం?

మొగుడు పోతే తీసేవి మెట్టెలు. సుల్తాన్ బజార్‌లో బట్టలు కొలిచే ఆమె మొగుడు రాజమల్లుకు అసలే ఉబ్బసం. లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకుంది. చీకట్లో కిషన్ కడ్డీ మట్టిలోకి దిగుతోంది. రెండు మెట్టెలూ తీసి తొట్టి అంచున పెట్టింది.

ఐదున్నరకు యంత్రం ఇసుకలో పూడ్చిన పిన్ను దగ్గర మాత్రమే పలికింది.

ఆమె పరుగున స్టేషన్ చేరింది. సంచి అందిస్తున్న రాజమల్లు ఆమె కాళ్లు చూశాడు.

"మెట్టెలేవే? నేనింక బతికే ఉన్న గదనే!"

"ఆ యంత్రం డబ్బ ఏడుస్తదని తీసిన."

"నాకంటె డబ్బనే ఎక్కువైందా?" అని నవ్వబోయి దగ్గాడు.

కిటికీలోంచి కిషన్ అడిగాడు: "మంచిగైందా అమ్మా?"

"ఔ బిడ్డా. నీ చేతికెప్పుడొస్తది?"

"ఆర్నెల్లు పట్టొచ్చు."

ఇంకేదో అనబోయింది. బండి కదిలింది.

మెట్టెల కోసం మళ్లీ గదికి వచ్చింది. అంచున ఒకటే ఉంది. సోమయాజులు యంత్రాన్ని ఇసుకపై తిప్పాడు. ఓ మూల కీ... మంది.

"ఇక్కడ పడిందమ్మా. తీసుకోండి."

ఆమె వంగలేదు. "జర ఇంకొక్కపారి చూడున్రి సార్. యంత్రం పట్టుకుంటదో లేదో."

చూశాడు. పలికింది.

"ఇంకొక్కపారి..."

మెట్టె ఇసుకలోనే ఉంది.