వాన లేని ప్రకరణం

ఆ ఇంగ్లీషు నవల రాసి రెండువందల ఏళ్ళయింది. చదివినవాళ్ళు వీధికి ఒకరుండరు గానీ, కథ తెలియనివాళ్ళు ఎవరూ లేరు. నాలుగు సినిమాలు, రెండు సీరియళ్ళు వచ్చాయి. సబ్బు ప్రకటనలో ఆ జంటే, పెళ్ళిపత్రికల మీద వాళ్ళ మాటలే. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి. అసలు పుస్తకమేమిటో వీళ్ళకి చూపిస్తానని పంతం పట్టి, తొమ్మిదేళ్ళు కూర్చుని అనువదించాను. ఈలోగా ఒక కన్ను పోయింది. రెండోదానికి అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇంకో పుస్తకం నా వల్ల కాదు, నేను వదిలివెళ్ళేది ఇదొక్కటే.

ముందుమాటలో సినిమావాళ్ళని ఏకిపారేశాను. ప్రచురణకర్తకి ఒక్కటే షరతు పెట్టాను: మూలంలో ఒక వాక్యం, నా దాంట్లో ఒక వాక్యం పైకి చదివించాలి, నేను విని సరే అంటేనే అచ్చు. మూలంలో లేని ముక్క ఒక్కటి దొరికినా నా పేరు తీసేయమన్నాను. ఆయన తల పట్టుకున్నాడు గానీ కాదనలేదు.

అలా ప్రెస్సు వెనక గదిలో, కాగితం బేళ్ళ మధ్య, ప్రూఫ్‌రీడరమ్మా నేనూ కూర్చున్నాం. మా మేనకోడలి ఈడుది, కామా కూడా జారనివ్వదు. తొమ్మిదో రోజున ఇరవయ్యో ప్రకరణానికొచ్చాం. ప్రేమ ఒప్పుకునే ఘట్టం. చదువుతూ సగంలో ఆమె ఆగిపోయింది.

"మాస్టారూ, మీ దాంట్లో వాన పడుతోందండీ."

"పడుతుంది. మూలంలో ఉందిగా. ఓ లైను దాటేసుంటావు, మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. మూలంలో ఎండ. రోడ్డంతా దుమ్ము. అతను దగ్గుతూ తన మాట చెబుతాడు, ఆమె అతన్ని కాస్త పక్కకి జరగమంటుంది. అంతే. నా దాంట్లో రెండు పేజీల వాన.

పంతొమ్మిదేళ్ళప్పుడు మా అన్నయ్యతో వెళ్ళి ఈ కథ మీద వచ్చిన మొదటి సినిమా చూశాను. అందులో ఈ ఘట్టం వానలో తీశారు. వాళ్ళు తడుస్తుంటే చీకట్లో వెక్కివెక్కి ఏడ్చాను. ఆ మర్నాడే పుస్తకం కొన్నాను. తర్వాత ఎన్నిసార్లు చదివానో, ఎంతమందికి పాఠం చెప్పానో. అన్నిసార్లూ నాకు వానే కనబడింది.

సిగ్గుతో చచ్చిపోయాను. "కొట్టేయమ్మా, దుమ్మే రాద్దాం" అని అక్కడికక్కడే కొత్తగా చెప్పాను. రాసుకుని చదివి వినిపించింది.

"ఎలా ఉంది?"

"నిజం చెప్పమంటారా? చప్పగా ఉందండీ."

నాకూ చప్పగానే ఉంది. రాసినాయన తప్పేమీ లేదు, ఆయన రాసింది అదే.

ప్రచురణకర్త వచ్చి సంగతి విన్నాడు. కోప్పడితే బాగుండేది, కోప్పడలేదు.

"వాన ఉండనివ్వండి మాస్టారూ. అది లేకపోతే, ఇది ఆ పుస్తకమే కాదంటారు జనం."

అలాంటి మాటకి నా దగ్గర ఎప్పుడూ వంద జవాబులుండేవి. ఆ రోజు మాత్రం ప్రూఫ్‌రీడరమ్మ వైపు తిరిగాను.

"ఉంచెయ్యమ్మా" అన్నాను.

ఆమె కొత్తగా రాసిన దుమ్ము వాక్యాలు కొట్టేసి, వాన పక్కన 'ఉంచాలి' అని రాసి, తర్వాతి ప్రకరణం ఎత్తుకుంది. మూలం వాక్యాలు ఒక్కొక్కటే వింటూ కూర్చున్నాను. వాటిమీద నాకు ఏనాడూ ప్రేమ లేదని, తొమ్మిదేళ్ళూ నా కంటిచూపూ ధారపోశాక, అప్పుడు తెలిసింది.