జానెడు జాగా

రాగిగంజి సగం తాగి, దొరసామి లోటాను మోకాలి మీద పెట్టుకున్నాడు. ఈసారి వచ్చింది ఆడపిట్ట, మట్టిరంగుది. గొడ్ల కొట్టం కప్పు అంచున వాలి, తోక నిక్కించి, అటూ ఇటూ చూసి, గోడలో రాయి ఊడిపోయిన బొక్కలోకి దూరింది. లోపల్నుంచి ఇసుక రాలినట్టు సన్నగా పిల్లల అరుపు. దాని జత, మగ నల్లంచి పిట్ట, గడ్డివామి మీద కాపలా కూర్చుంది. ఒళ్లంతా నలుపే గానీ, తోక కింద ఇటుకరంగు మరక.

టైఫాయిడ్ పట్టి యాభై రోజులైంది. జ్వరం పోయినా కాళ్లలో సత్తువ రాలేదు. పొద్దున్నే భార్య తిమ్మమ్మ రెక్క పట్టుకుని తెచ్చి బట్టలుతికే బండ మీద కూర్చోబెడితే, ఎండ మోకాళ్లెక్కేదాకా అక్కడే. ముప్పయ్యేళ్లుగా ఇదే ఇల్లు. అయినా తన పెరట్లో ఏ పిట్ట తిరుగుతుందో అతనికి తెలియదు. తెల్లవారకముందే పంపు భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. ఇండూరు, కంబైనల్లూరు, వాటి చుట్టూ ఉన్న పల్లెలు. ఇంటింటికీ దోమల మందు కొట్టి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవాడు.

జ్వరానికి ఊడిన అతని జుట్టును తిమ్మమ్మ ఉండచుట్టి దిబ్బ మీద వేసేది. ఈ పిట్టలు దాన్ని పోగు పోగుగా లాక్కుపోయి గూటిలో పరుచుకున్నాయి. అది చూసిన రోజే, జబ్బు పడ్డాక మొదటిసారి, అతను నవ్వాడు.

జ్వరం ముదిరిన రోజుల్లో వాసాల మీదనుంచి బల్లులు రాలిపడే చప్పుడు వినిపించేది. మందు కొట్టిన ఇళ్లలో పొద్దుగూకేసరికి అలా రాలతాయని ఆడవాళ్లు చెప్పేవాళ్లు. అతను నిజంగా ఎన్నడూ వినలేదు. అప్పటికి వేరే ఊళ్లో ఉండేవాడు. ఇండూరులో ఒక ముసలామె అటక కింద పిల్లి ఈనిందని, ఆ మూల ఒక్కటీ వదిలెయ్యమని అతని చేతులు పట్టుకుంది. వదిలిన మూలకే దోమలన్నీ చేరతాయని చెప్పి, ఆమె వేళ్లు మెల్లగా విడిపించి, కొట్టాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ ఏడు ఆ ఊరికి చలిజ్వరం రాలేదు కూడా. ఇప్పుడు మాత్రం కళ్లు మూస్తే ఆ వేళ్లే.

"ఏమన్నా, దొరమాదిరి కూర్చోనుండావు!" ఆంజనేయన్ పంపు మోసుకుని పెరట్లోకి వచ్చాడు. పదేళ్లు అతని పక్కన పనిచేసినవాడు. ఇప్పుడు అతని వీధులన్నీ వాడివే. "జుట్టేమాయె? తిరుపతికి పోయొచ్చినావా?"

"పిట్టలకిచ్చినా."

ఆంజనేయన్ పకపకా నవ్వి, ఇంట్లో గదులన్నీ కొట్టేసి కొట్టం దగ్గరికి వచ్చాడు.

"దాన్ని వదిలెయ్‌రా," అన్నాడు దొరసామి. "గోడలో పిల్లలుండాయి."

"నువ్వేనా ఈ మాట చెప్పేది? చెట్టికరైలో దేవుడి గది పూటు తీయించి కొట్టినోడివి!" ఆంజనేయన్ గొంతు తగ్గించాడు. "సరే పో. కొట్టం పూటేసి ఉండాదని రాసుకుంటా."

తలుపు తాళం వేసి ఉందని దొంగరాత రాయడం దొరసామి పనిలో ఎన్నడూ లేదు. అతను జవాబు చెప్పేలోపే తిమ్మమ్మ వంటింటి గడపలోంచి అందుకుంది.

"దోమలు గొడ్డును పీక్కతింటాండాయి. యాభై దినాలు నిన్ను మోసినా. ఇంకో జ్వరానికి నాకు ఓపిక లేదయ్యా. కొట్టు, ఆంజనేయా."

ఆమె కళ్లకింద నల్లటి గుంటలు చూసి దొరసామి బండ మీదనుంచి లేచాడు.

"ఇటియ్యి. నేను కొడతా. బొక్క చుట్టూ జానెడు జాగా వదిలితే చాలు. నీకు ఆపడం తెలీదు."

పంపు భుజానికెక్కగానే మోకాళ్లు వణికాయి. గోడకు మూరెడు దూరంలో గొట్టం నిలబెట్టి మీట నొక్కాడు. సుయ్యిమని తెల్లటి తుంపర. పైనుంచి కిందికి ఒక పట్టీ. ఒక అడుగు పక్కకు. కిందినుంచి పైకి ఇంకొకటి, అంచు మీద అంచు. వణుకు ఆగిపోయింది. ఊపిరి చెయ్యితోపాటు సాగింది. యాభై రోజులుగా ఎవరో మోసి దించిన ఒళ్లు మళ్లీ తనదైనట్టు అనిపించింది. ఆ హాయిలో మూలదాకా పోయి మీట వదిలాడు.

"అబ్బా! ఎంత సమంగా కొట్టినావన్నా! ఎక్కడా ఒక్క సందు..." ఆంజనేయన్ సగంలో ఆగిపోయాడు.

గోడంతా ఒకే తడి. బొక్క అంచులనుంచి తెల్లటి నీళ్లు కారుతున్నాయి.

దొరసామి తుండుగుడ్డ కొన వేలికి చుట్టి లోపల పెట్టాడు. తల్లి అనుకుని మూడు నోళ్లు తెరుచుకున్నాయి. అతను తుడిచాడు. అందినంతమేర తుడిచాడు. ఆంజనేయన్ పంపు తీసుకుని పక్కింటికి వెళ్లిపోయాడు. తిమ్మమ్మ గడపలోంచే "అన్నానికి రా" అంది. అతను రాలేదు.

మధ్యాహ్నం దాకా అరుపు వినిపించింది. పాలు పిండే వేళకు వినిపించలేదు. గడ్డివామి మీది నల్లంచి ఎప్పుడు లేచిపోయిందో అతను చూడలేదు. ఆడపిట్ట మాత్రం వచ్చింది. బొక్కలోకి పోయింది, బయటికొచ్చింది, మళ్లీ పోయింది. కప్పు అంచున కాసేపు కూర్చుని, ఒక్కసారి కూసి, పక్కింటి మునగచెట్టు మీదుగా ఎగిరిపోయింది.

బొక్క అంచున, ఆరి పొడిబారిన తెల్లటి మందు మీద, అది తెచ్చిన పచ్చటి మిడత ఉండిపోయింది.