కరెంటే సారూ

వరంగల్ కాశిబుగ్గలో ఏ మోటారుసైకిలు మొరాయించినా జనం ముందు మెకానిక్ ఉప్పలయ్య దుకాణానికే నెట్టుకొచ్చేవారు. పెట్రోలు రోగమో కరెంటు రోగమో బండిని ముట్టకుండానే చెప్పేస్తాడని అతనికి పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది సాంబమూర్తి. చేనేత సంఘాల ఇన్‌స్పెక్టరుగా మగ్గమున్న ప్రతి ఇంటికీ తిరిగే ఆయన, నూలు సంగతితో పాటు ఉప్పలయ్య గొప్పతనం కూడా చెప్పి వచ్చేవాడు.

ఎనభై రెండులో దసరా వెళ్లిన మూడో రోజు నుంచి ఆ సాంబమూర్తి బండే ధర్మసాగర్ దారిలో ఆగిపోసాగింది. ఏడెనిమిది మైళ్లు బుద్ధిగా పోయి ఆగుతుంది. పావుగంట ఊరుకుంటే మళ్లీ కదులుతుంది.

"కరెంటే సారూ. కాయిల్ వేడెక్కి పండుకుంటాంది" అన్నాడు ఉప్పలయ్య. కాయిల్ మార్చాడు. మర్నాడు బండి ఆగింది. కండెన్సర్ అన్నాడు, మార్చాడు. ఆగింది. నిప్పు పుట్టించే పాయింట్లు గీకాడు. అయినా ఆగింది. దుకాణంలో మాత్రం ప్రతిసారీ ఒక్క కిక్కుకే లేచేది కాబట్టి అతను తనను అనుమానించలేదు, బండినే అనుమానించాడు. ఆ వారమే ఇంకో మూడు బండ్లు అదే రోగంతో వచ్చాయి. జ్వరాలకు ఉన్నట్టే కరెంటుకూ ఒక సీజను ఉంటుందని వాళ్లకు విడమర్చి చెప్పి, కాయిళ్లు మార్చి పంపాడు.

నాలుగోసారి సాంబమూర్తి దుకాణం ముందు బండి దిగలేదు.

"ఇయ్యాల నువ్వు గూడ నా ఎనుక కూసో. ఇయ్యాల ఆగిందంటే హన్మకొండ మేస్త్రీకి ఇస్త."

ఆయన బండి అటు పోతే కాశిబుగ్గ బండ్లన్నీ అటే పోతాయి. ఉప్పలయ్య దుకాణం మూసి వెనక ఎక్కాడు.

ధర్మసాగర్ ఇంకా నాలుగు మైళ్లుండగా బండి దగ్గి ఆగింది. సాంబమూర్తి పక్కనున్న కాలువలో ముఖం కడుక్కోవడానికి దిగాడు. ఉప్పలయ్య ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాడు. నిప్పు నీలంగా, నిండుగా కొట్టింది. అంత మంచి కరెంటును అతను ఎప్పుడూ చూడలేదు. రోగం కరెంటుది కాదని తేలి ఏడుపొచ్చింది.

ప్లగ్గు బిగించి, పెట్రోలైనా ఉందో లేదో చూద్దామని టాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. కిక్కు కొడితే బండి లేచింది. అప్పుడు మూత వంక చూశాడు. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి పోవాలి, పోకపోతే పెట్రోలు ఇంజనుకు దిగదు. దానికోసం మూతకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం మీద పసుపూ కుంకుమా గోడలా గట్టిపడి ఉన్నాయి. దుకాణంలో ముందు మూత తీసి చూడటం అతని అలవాటు. రోగం అక్కడే కుదిరిపోయేది.

బొట్టు పెట్టింది ఉప్పలయ్యే. దసరానాడు ఆయుధపూజలో పానాలు, సుత్తులతో పాటు వాడుకగా వచ్చే బండ్లన్నిటికీ పూజ చేశాడు. సాంబమూర్తి బండి కదా అని దానికి ఇంకాస్త దట్టంగా పెట్టాడు.

జేబులో సన్న తీగ ఉంది. రంధ్రం పొడిచేసి, వైరు లూజైందని అంటే సరిపోతుంది. సాంబమూర్తికి ఈ జన్మలో తెలియదు. ఉప్పలయ్య రంధ్రం పొడిచాడు. కానీ కాయిల్ మార్పించుకుని నవ్వుతూ పోయిన ఆ ముగ్గురూ గుర్తొచ్చి రెండో పని చేతకాలేదు.

"కరెంటు కాదు సారూ" అని ఉన్నదంతా చెప్పాడు.

సాంబమూర్తి తడి ముఖం తుడుచుకోకుండా విన్నాడు.

"మూడుసార్లు కరెంటంటివి."

"అంటిని సారూ."

"ఎన్ని బండ్లకు పెట్టినవ్ బొట్టు?"

"పదకొండు."

సాంబమూర్తి బండిని వరంగల్ దిక్కు తిప్పాడు.

"హన్మకొండకా సారూ?" అన్నాడు ఉప్పలయ్య.

"మొగిలయ్య ఇంటికి. ఆని బండి గూడ ఆగుతాందంటే, కరెంటేనని నేనే చెప్పిన. నీ మాట పట్టుకొని ఊరంత చెప్పిన. ఇప్పుడు నువ్వొక్కనివే పోయి కాదంటే నా ఇజ్జత్ ఏం గావాలె? పదకొండు ఇండ్లకు ఇద్దరం పోదాం. ఎక్కు."

ఉప్పలయ్య ఎక్కాడు. కళ్లు తుడుచుకోవడానికి వెనక సీటే నయమైంది.