పొడిగాలి రోజుల్లో సత్తమ్మ

ఆరో పిల్లవాడి చొక్కా పైకెత్తి పొట్ట చూసింది సత్తమ్మ. పొక్కులేమీ లేవు. లోపలికి పంపింది. మర్రిగూడ దగ్గరి ఆ ఊళ్లో అంగన్‌వాడీ ఆయాగా ముప్పై ఏళ్లు చేసింది. ఈ రోజు ఆఖరు. వీపు వంగింది, వేళ్ల కణుపులు ఉబ్బాయి. కళ్లకు మాత్రం ఇంకా అద్దాలు రాలేదు.

వారం నుంచి మంచు పడలేదు. రాత్రి చలి, పగలు సెగ, దుమ్ము రేపే పొడిగాలి. ఈ గాలికే పిల్లలకు ఆటలమ్మ పోస్తుందనీ, వానలు పడితే గానీ తగ్గదనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఎండాకాలాలు చూసి తెలుసుకుంది. పైగా టీచరు మంజులత ఇప్పుడు ఏడు నెలల గర్భిణి. ఆమెకు అది అంటకూడదు.

గొర్రెల కాపరి గుర్వయ్య నాలుగేళ్ల మనవరాలు మల్లికను ఎత్తుకొచ్చాడు. మేత ఎండిపోయి కొడుకూ కోడలూ మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయారు. అతనూ వాళ్ల వెనకే పోవాలి.

సత్తమ్మ పిల్ల గౌను ఎత్తింది.

"ఇదేంది గుర్వన్నా?"

"నిన్ననే నీళ్లు వోసినం. తల్లి దిగిపోయింది."

"దిగిందా, నువ్వే దింపినవా? మూడొద్దులకే నీళ్లు వోస్తరా?"

"మంద ఆగుతదా మరి? జర లోపల కూసోబెట్టు. పొద్దుమీకి మా చెల్లె సోమమ్మొచ్చి తీస్కపోతది."

"పొక్కులల్ల నీళ్లున్నయి. గడప దాటనియ్య."

"కొలువు ఇడిసేనాడు గూడ గింత పెత్తనమా? నువ్వేమన్న డాక్టరమ్మవా?"

"గాను. గందుకే నా మాట ఇనవు."

తొమ్మిది రోజులు ఆగాలి. మంద కోసం మూడో రోజే వేపాకు నీళ్లు పోసి దేవతను సాగనంపారు. గొర్రెలకు తొందర, పిల్లకు ఒళ్లంతా మంట. పిల్ల ఇంటివాళ్లమీద సత్తమ్మకు జాలి కలగలేదు. పిల్లను మాత్రం లాక్కుని ఒళ్లో వేసుకుంది.

"నువ్వు బో. నాకు చిన్నప్పుడే వోసింది, మళ్ల రాదు. నా తాన్నే ఉంటది."

బయట రేకుల నీడలో కూర్చుంది. మంజులత ఫోన్ చేస్తే నర్సు వచ్చి చూసింది. ఆటలమ్మే. "నీ కన్ను తప్పదు సత్తమ్మా" అని పూత మందు ఇచ్చిపోయింది. సత్తమ్మ ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

మూడింటికి వీడ్కోలు సన్మానానికి సూపర్‌వైజర్ వచ్చింది. లోపల సత్తమ్మకు కుర్చీ వేశారు.

"రా సత్తమ్మా, ఫోటో దిగాలె."

"రాను మేడం. పిల్ల నా మీదుంది."

"ఇయ్యాల నీ రోజే గదా!"

"నా రోజే. గందుకే రాను."

"మొండిది మేడం," కిటికీ ఊచలు పట్టుకుని నవ్వింది మంజులత. "ముప్పై ఏండ్ల సంది ఒక్కనాడన్న ఎవ్వరి మాటన్న ఇన్నదా?"

సూపర్‌వైజర్ బస్సు టైమైందని వెళ్లిపోయింది. సోమమ్మకు మాత్రం బస్సు దొరకలేదని ఫోను వచ్చింది. సత్తమ్మ తాళంచెవి కిటికీలో పెట్టి, మల్లికను భుజాన వేసుకుని తన ఇంటి దారి పట్టింది. "గోకకు బిడ్డా" అన్న మాట మలుపు దాకా వినిపించింది.

లోపల కుర్చీ మీద, కవరు విప్పని శాలువా.