సోంపు మామిడి

జనగామ బస్టాండు వెనక వీధిలో పచ్చడి పెట్టుకునేవాళ్లెవరూ జహీరా బేగంని అడగకుండా మామిడికాయ కొనరు. ఆమె కాయను చేతిలోకి తీసుకుని, ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుంటుంది. "గిది బచ్చన్నపేట చెలక కాయ. నీళ్లు తక్కువ తాగింది. ముక్క గట్టిగుంటది, తీస్కో" అంటుంది. మందు వేసి మాగబెట్టిన పండయితే ముట్టుకోనైనా ముట్టుకోదు. అమ్మేవాళ్లకు ఆమెంటే భయం, కొనేవాళ్లకు ధైర్యం. ఇప్పుడామెకు అరవై దాటాయి. షుగరుందని కోడలు తబస్సుమ్ ఎంత మొత్తుకున్నా, ఎండాకాలం వచ్చిందంటే కంటబడిన ప్రతి రకం పండూ ఒక్కసారైనా చీకి చూడందే వదలదు.

ఇంట్లోవాళ్లు దాన్ని పిచ్చి అనుకునేవారు. కానీ ఆమె వెతుకుతోంది.

జహీరా పుట్టింది భూపాలపల్లి దగ్గర ఒక పల్లెలో. పక్కింటి రాజమల్లు కూతురు కమల, తనూ ఒక ఈడువాళ్లు. రాజమల్లు చెలక గట్టు మీద ఒక నాటు మామిడి ఉండేది. పండు పిడికిలంతే. కొరికితే ముందు తీపి, దాని వెనకాల సోంపు గింజ నమిలినట్టు ఒక వాసన, టెంక దగ్గరికి వచ్చేసరికి సన్నటి పులుపు. ఊరంతా దాన్ని సోంపు చెట్టనేవారు. కమల జహీరా కళ్లు మూసి నోటికి పండు అందించి, ఏ కొమ్మదో చెప్పమనేది. జహీరా ఒక్కసారీ తప్పలేదు.

పెళ్లయి జనగామ వచ్చాక కూడా కమల ఏటా రోహిణి కార్తెలో ఒక గంప పంపేది. పాతికేళ్లు పంపింది. ఒక ఏడాది కాపు తక్కువై, గంప నిండడానికి వేరే చెట్టు పండ్లు నాలుగు కలిపింది. జహీరా ఆ నాలుగూ ఏరి, తెచ్చిన మనిషి చేతిలోనే పెట్టింది. "గివి మనయి కావని కమలకు చెప్పు" అంది నవ్వుతూ. ఆ తర్వాత రెండేళ్లకు గంప రావడం ఆగిపోయింది. జహీరా అలిగింది. నేనెందుకడగాలి అనుకుంది. ఆ అలక మూడేళ్లు సాగింది. మనసాగక చివరికి బస్సెక్కి పోయి చూస్తే ఊరే లేదు. బొగ్గు కోసం తవ్విన పెద్ద గొయ్యి, దాని అడుగున చీమల్లా పాకుతున్న లారీలు. ఊరి జనం తలో దిక్కూ పోయారు. కమల ఎటు పోయిందో చెప్పే మనిషి దొరకలేదు.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్లయింది. మొన్నటి ఎండాకాలం, పెద్దవంగర వైపు తండా నుంచి అదే వీధిలో ఉన్న కూతురింటికి వచ్చిన సోమ్లీ అనే ఆమె, గడ్డిలో మాగిన పండ్ల బుట్టతో వాకిట్లో కూర్చుంది. జహీరా అలవాటుగా ఒక పండు తీసి మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, రసం నోట్లోకి పీల్చింది. తీపి వెనకాల సోంపు వాసన. అంతే, అలాగే నిలబడిపోయింది.

"ఏందమ్మా, పులుపా?" అంది సోమ్లీ.

"ఇవి యాడియి?"

"మా పక్క ఊళ్ల ఒక అవ్వ పెరట్లయి. ఎవ్వలకు అమ్మదు. నాకు ఊకెనే ఇచ్చింది."

"పేరేంది ఆమెకు?"

"కమలవ్వ."

మర్నాడు పొద్దున్నే తబస్సుమ్‌ని వెంటబెట్టుకుని జహీరా తొర్రూరు బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో. సోమ్లీ చెప్పిన గుర్తుల ప్రకారం ఇల్లు దొరికింది. రేకుల ఇల్లు, వెనక పెరట్లో రెండు మామిడి చెట్లు. అరుగు మీద నెరిసిన జుట్టు మనిషి చింతపండు గింజ తీస్తోంది.

"ఎవలు?" అంది, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని.

"నాలుగు పండ్లు తిప్పి పంపినదాన్ని."

కమల చేతిలో చింతపండు జారిపోయింది. అరుగు మీదే కూర్చుని ఏడ్చింది. జహీరా పక్కన కూలబడి ఆమె మోకాళ్లు పట్టుకుంది.

తర్వాత కమల చెప్పింది. గంప రాని ఏడాదే గని కోసం చెట్టు కొట్టేశారు. ఆఖరి కాపులో దాచిన తొమ్మిది టెంకలు ఆడబిడ్డ ఊరైన ఇక్కడికి తెచ్చి పాతింది. రెండు బతికాయి. అవి కాపుకొచ్చి పదేళ్లయింది.

"పదేండ్ల సంది కాస్తుంటే మరి నాకెందుకు పంపలేవే?" అంది జహీరా.

"ఏటా గంప కట్టిన జహీరా. కట్టి, ఒకటి తిని, మళ్ల విప్పిన. అదే రుచి కాదు. నువ్వు నోట్ల పెట్టుకుంటే తెలిసిపోతది. ఇవి మనయి కావు అంటవని భయమైంది."

తన నాలుకను ఇన్నేళ్లూ ఊరంతా మెచ్చుకుంది. ఒక్క మనిషి మాత్రం దానికి భయపడి, పదేళ్లు దూరంగా ఉండిపోయింది.

కమల లోపలికి పోయి ఒక పండు తెచ్చి చేతిలో పెట్టింది. "ఇప్పుడు చెప్పు. అబద్ధం చెప్పకు. అదేనా?"

జహీరా నిదానంగా తింది. "కాదు" అంది. "బిడ్డలెక్కుంది. తల్లి కాదు."

"నాకెరుకే. అవునంటే నిన్ను తిట్టేదాన్ని." కమల కళ్లు తుడుచుకుంది. "దాంట్ల పులుపు ముందుండె. సోంపు వెనకొస్తుండె."

"ఏ, కాదు. ముందు తీపి. పులుపు టెంక కాడ."

"పులుపే ముందు! మా బాపు చెట్టు నాకు తెల్వదా?"

ఇద్దరూ వాదులాడుకున్నారు. ఎవరిది నిజమో తేల్చడానికి చెట్టు లేదు. ఆ రుచి గుర్తున్న నాలుకలు, వాళ్లెరిగినంతలో, లోకంలో ఈ రెండే మిగిలాయి, అవీ ఒక మాట మీద లేవు. మాట్లాడేకొద్దీ జహీరాకు తన జ్ఞాపకం మీదే నమ్మకం సడలసాగింది. అయినా ఒప్పుకోలేదు.

"చలో అమ్మీ, బస్సు టైమైంది" అంది తబస్సుమ్.

"నువ్వు పో బిడ్డా. నేను రేపొస్త" అంది జహీరా. కమల ఇంకో పండు పిసుకుతూ, అది ఏ చెట్టుదో చెప్పమంటోంది.