ముప్ఫై ఒక్క వెన్నుపూసల మనిషి

ఎస్సై నరసయ్యగారు జీపు దిగేసరికి సరుగుడు తోపు పక్క పందిరి కింద, తాటాకు చాప మీద ఒక మనిషి పడుకొని ఉన్నాడు. ఒట్టి ఎముకల మనిషి. తల దక్షిణానికి, చేతులు పక్కలకు, పాదాలు చాప దాటి ఇసుకలోకి. అంత పొడుగు మనిషి విడవలూరు చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు, రమణయ్య. మూడేళ్ళ కిందట, పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, వలల పంపకం దగ్గర బావమరిది చిన్నపోలయ్యతో గొడవపడ్డాడు. మర్నాటి నుంచి ఎవరికీ కనబడలేదు. గొడవలో చిన్నపోలయ్య "నిన్నా దిబ్బలోనే పూడుస్తా" అన్న మాట ఊరంతా విన్నది.

ఆ దిబ్బే ఇది. పురావస్తు శాఖ తరఫున మావారు రెండు నెలలుగా తవ్విస్తున్నారు. వందల ఏళ్ళ నాటి సమాధులు, కాళ్ళున్న మట్టి తొట్లు మూడు బయటపడ్డాయి, వాటి నిండా ఎముకలు. ఫొటోలు కడిగించడానికి మావారు పొద్దుటి బస్సుకు నెల్లూరు వెళుతూ, తొట్ల మీద ఎవరూ చెయ్యి వేయకూడదని మేస్త్రీ పెంచలయ్యకు చెప్పారు. బస్సు మలుపు తిరగగానే పెంచలయ్య చెయ్యి వేశాడు.

"ఎవురో ఏమో తల్లీ, ముక్కలు ముక్కలుగా కుప్పబడి ఉంటే నాకు మనసొప్పలా. మనిషన్నాక మనిషి మాదిరిగా పడుకోవాల గదా" అన్నాడు నాతో.

ఆ పొడుగు చూసి ఎవరో పోలీసులకు కబురు చేశారు. పెంచలయ్య మంచితనం ఫలితంగా ఇప్పుడు చిన్నపోలయ్య చేతులకు బేడీలు. చిన్నపోలయ్య చెల్లెలు నాగులమ్మ, అంటే రమణయ్య భార్య, చాప పక్కన నిలబడి ఉంది. మెడలో తాళి గుప్పిట్లో పట్టుకొని ఉంది.

"గుర్తుపట్టినావా?" అన్నాడు ఎస్సై.

"ఈయన మా ఆయన కాదు సామీ."

"అన్న కోసం చెప్తావుండావు. ఎక్కించండిరా."

ఆ జీపు కోవూరు స్టేషనుకు పోతే చిన్నపోలయ్య మళ్ళీ ఎప్పుడు వస్తాడో చెప్పడం కష్టం. ఒప్పుకునేదాకా అడిగే పద్ధతి నరసయ్యగారిదని అందరికీ తెలుసు.

"ఎస్సైగారూ, ఒక్క పది నిమిషాలు. మావారు వచ్చేలోగా ఈ ఎముకలు లెక్కరాసి పెట్టాలి. ఇవి మీ జీపులో వెళ్ళిపోతే నాకు మాట వస్తుంది" అన్నాను. అది అబద్ధం. ఆ లెక్క రాసేది నేనేనన్న మాట మాత్రం నిజం. బొమ్మలు గీసే గుమాస్తా ఉప్పుగాలి పడక వెళ్ళిపోయాక, బి.ఎ. చదివిన భార్య ఊరికే ఉందన్న సంగతి శాఖవారికి గుర్తొచ్చింది. జీతం సంగతి గుర్తు రాలేదు.

మెడ నుంచి మొదలుపెట్టి వెన్నుపూసలు బిగ్గరగా లెక్కపెట్టాను. ఏ మనిషికైనా మెడకు ఏడు, వీపుకు పన్నెండు, నడుముకు అయిదు. ఇరవై నాలుగు. ఇక్కడ ముప్ఫై ఒకటి వచ్చాయి.

"పెంచలయ్యా, ఇన్ని ఎందుకు పేర్చావు?"

"మిగిలిపోయినాయమ్మా. పారేయడమెందుకని."

రమణయ్యంత పొడుగు ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసింది. కాళ్ళు చూశాను. రెండూ ఎడమ తొడ ఎముకలే. మూడో ఎడమ తొడను పెంచలయ్య భుజం దగ్గర చేయిగా వాడుకున్నాడు.

"మూడు ఎడమ తొడలు, ఎస్సైగారూ. ఈ చాప మీద ఉన్నది తక్కువలో తక్కువ ముగ్గురు."

ఆయన ఆలోచించాడు. ఆలోచించడం నాకు నచ్చలేదు.

"ముగ్గురిలో ఒకడు రమణయ్య కాకూడదా? పాత తొట్టిలో కొత్త శవం దాస్తే ఎవురికి తెలుస్తాదమ్మా?"

మంచి ప్రశ్నే. నాగులమ్మ నా ముఖం వైపు చూసింది. నా దగ్గర మిగిలింది మావారు ఒకసారి చెప్పిన సంగతి ఒక్కటే. ఎముకలో జిగురు ఉంటుంది. కాల్చితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. వందల ఏళ్ళు మట్టిలో ఉంటే జిగురు పోతుంది, కంపు ఉండదు.

కుంపటి తెప్పించి గోనెలు కుట్టే దబ్బనం ఎర్రగా కాల్చాను. దిబ్బ వెనక మూడేళ్ళ కిందట చచ్చిన ఎద్దు ఎముక పడి ఉంది. ముందు దానికి దబ్బనం ఆనించి ఎస్సై ముక్కు దగ్గర పెట్టాను. ఆయన జేబురుమాలు తీశాడు. కొంచెం ఎక్కువసేపే పెట్టానేమో.

తరువాత పుర్రె. కాలిన మట్టి వాసన. తొడ. మట్టి. రెండో తొడ. మట్టి.

"అన్నిటికీ పెట్టండి" అన్నాడు ఎస్సై రుమాలులోంచి.

చాప మీదివీ, తొట్లలోంచి తీసి పేర్చగా గంపలో మిగిలినవీ కలిపి నూట నలభై చిల్లర. ఒక్కొక్కదానికీ దబ్బనం ఆనించడం, ఎస్సై, కానిస్టేబుల్, నేను ముగ్గురం వాసన చూడడం. ఎండ నడినెత్తికి వచ్చింది. చిన్నపోలయ్య పెదవులు తడుపుకుంటూ ప్రతి ఎముకనూ చూస్తున్నాడు. తొంభై అయ్యాయి. తొంభై అయిదు.

తొంభై ఆరోది ఒక పక్కటెముక. పొగ లేచింది. వెంట్రుకలు కాలిన కంపు.

ఎస్సై నెమ్మదిగా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ చిన్నపోలయ్య రెక్క పట్టుకున్నాడు. నాగులమ్మ వచ్చి వాళ్ళిద్దరి నడుమ నిలబడింది. ఈ పరీక్ష మొదలుపెట్టింది నేను. వాణ్ణి జైలుకు పంపేదీ నేనే కాబోలు.

"అమ్మా..." పెంచలయ్య నసిగాడు. "అదీ... ఒక పక్కటెముక తక్కువైందమ్మా. అవిటి మనిషిని ఎట్లా పడుకోబెట్టేది? అందుకని మా ఇంటెనకాలది ఒకటి తెచ్చి పెట్టినా."

"ఏందిరా అది?" అన్నాడు ఎస్సై.

"పొట్టేలిది సామీ. మొన్న అంకమ్మ కొలుపులో కోసింది."

ఎముకను వెలుతురుకు తిప్పాను. ఒక కొసన కత్తివేటు. ఇంకో కొసన పళ్ళ గాట్లు. మొదటే చూడవలసింది, నేను కంగారులో చూడలేదు.

"ఈ పళ్ళు ఎవరివి, పెంచలయ్యా?"

"నావేనమ్మా."

కానిస్టేబుల్ వెళ్ళి వాడి పెరట్లోంచి అలాంటివే నాలుగు పక్కటెముకలు తెచ్చాడు. నాలుగింటికీ అదే కత్తివేటు, అవే పళ్ళు. మిగిలిన నలభై చిల్లర ఎముకలకూ దబ్బనం పెట్టాం. అన్నీ మట్టి.

ఎస్సై పెంచలయ్యను కొట్టాలా వద్దా అని కాసేపు చూసి, చిన్నపోలయ్య బేడీలు విప్పించాడు. "రమణయ్య ఎముకలు లేవని వదులుతావుండా. దొరికినాయంటే మళ్ళా వస్తా" అని జీపెక్కాడు.

నేను దబ్బనం నీళ్ళలో ముంచి, సాయంత్రం బస్సు దిగి ఎముకల మీద నూట నలభై కాలిన చుక్కలు చూసే మనిషికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. నాగులమ్మ దగ్గరికి వచ్చింది.

"అయితే ఆయన ఇందులో లేడు గదమ్మా?"

"లేడు."

"మరి యాడ ఉండాడో ఇవి చెప్పవా?"

"చెప్పవు నాగులమ్మా."

ఆమె తాళిని చీర లోపలికి తోసుకుంది. తరువాత ఇసుకలో కూర్చుని మణికట్లు రుద్దుకుంటున్న అన్న దగ్గరికి వెళ్ళి, వాడి నెత్తిన ఒక్కటి మొట్టింది.

"దిబ్బలో పూడుస్తాడంట, దిబ్బలో! ఒక పార పట్టడం చేతనైనాదా నీకు ఎప్పుడన్నా? లేయి, అన్నానికి పోదాం."