ఉప్పొక్కటే తెలిసినవాణ్ణి

నేనొక గాజుపుల్లని. పొట్టలో సీసపు గుళ్లు, మెడ పొడుగునా గీతలు. నీళ్లలో వదిలితే నిటారుగా నిలబడి, అందులో ఉప్పెంతుందో గీత చూపించి చెబుతాను. మనుషులు ఎవరి ఉప్పు తింటే వారివైపు వాలిపోతారు. నేను వాలను.

నన్ను ఊది పుట్టించినవాడి ఊపిరి ఇంకా నా కడుపులోనే ఉంది. మొదటి కొలువు నౌపడ ఉప్పుమళ్లలో. అక్కడి మేస్త్రి పగలు నన్ను మళ్లలో ముంచేవాడు, పొద్దుగూకితే కల్లుముంతలో. ఓసారి పాలబిందెలో ముంచబోయాడు. నన్ను చూసిన బెదురుకి పాలవాడి గేదె వారంపాటు నీళ్లు తాగడమే మానేసింది. నమ్మకం లేకపోతే వెళ్లి గేదెనే అడగండి.

మేస్త్రి పోయాక ఆయన కూతురు నూకరత్నంతో విశాఖ వచ్చాను. ఆమె మొగుడు బంగారినాయుడు చేపలవేట పడవ నడిపేవాడు. కాలు విరిగి పడవ దిగాక, సముద్రాన్నే ఇంట్లోకి తెచ్చుకున్నాడు. వసారాలో గాజు తొట్టి, అందులో పాత స్నేహితులు నడిసంద్రం నుంచి డబ్బాల్లో తెచ్చిచ్చే నీళ్లు, ఇసుక, రాళ్లు, నారింజరంగు మీద తెల్లచారల చేపలు, నాలుగు నత్తలు. పొద్దున్నే లేవడానికి అతనికి మిగిలిన కారణం ఆ తొట్టే. లేవగానే నన్ను అందులో ముంచేవాడు. నా గీత చూశాకే కాఫీ.

అలాంటి ఇంట్లో చావు మొదలైంది. ముందు నత్తలు పోయాయి. నత్తల చావుకి ఎవరేడుస్తారు? ముసలివయ్యుంటాయని పారేశారు. ఆ తరవాత ఒక చేప వెల్లకిలా తేలింది. రెండురోజులకి మరొకటి.

“ఈ గాజుపుల్ల అబద్ధాలాడతంది!” అన్నాడు నాయుడు. నా వంశంలో ఎవరూ పడని మాట అది! కొత్తగా తెచ్చిన సముద్రపు నీళ్లలో నన్ను ముంచి చూశాడు. అదే గీత. నా పరువు దక్కింది. చేపలు దక్కలేదు.

నేను నిర్దోషినని తేలాక అనుమానం వంటింటిమీదకి మళ్లింది.

“ఏటే రత్నం, మళ్లీ పోపేసావా? ఆ పొగే వీటికి ఇసం.”

“పొగ సేపలకి తగిల్తే, పొయ్యికాడుండే నేనెప్పుడో తేలిపోవాల మావా!”

ఆనాటి నుంచి ఆ ఇంట్లో పోపు లేదు. పోపు లేని పప్పుతోపాటు ఇద్దరి మాటలు కూడా చప్పబడిపోయాయి. చివరికి ఒకే చేప మిగిలింది. మూల చేరి మొప్పలు ఎగరేస్తోంది.

“ఇదీ పోతే తొట్టి తీసి ఇచ్చేత్తాను,” అన్నాడు నాయుడు, గోడవైపు తిరిగి.

రత్నం తొట్టిలోని ఒక రాయివైపు చూసింది. ఆ తరవాత చీర చెంగు దోపుకుని, మోచేతిదాకా తొట్టిలో చెయ్యి పెట్టింది. రాయి కిందనుంచి ఏదో తీసి, చూసి, గబుక్కున పిడికిలి మూసింది.

“మావా, పులుసు రాగిగిన్నెలో ఉంచితే ఏటవుద్ది?”

“సిలుమెక్కుద్ది. ఇసం. ఇప్పుడు పులుసు గోలేటే?”

పిడికిలి విప్పింది. రాగి చిల్లుకాణీ. చిన్నప్పుడు మేస్త్రి ఆమె మొలకి కట్టిందే. దాని ఒంటినిండా పచ్చటి చిలుము.

“ఎదురింటి ఆవిడ ఆమధ్య కన్నార్పకుండా సూసింది. సేపలకి దిష్టి తగుల్తాదని నేనే ఎట్టాను. పులుసుకి లొంగే రాగి ఉప్పునీళ్లకి లొంగదేటి మావా?”

నాయుడు లేచాడు. బకెట్లో కొత్తనీళ్లు పోసి, నన్ను ముంచి చూసి, చేపని అందులోకి మార్చాడు. తొట్టిలోని నీళ్లూ ఇసుకా రాళ్లూ అన్నీ మోసి పారబోశారు. కుంటికాలుతో అతనూ, కళ్లు తుడుచుకుంటూ ఆమె.

తెల్లారి చేప ఒక చుట్టు తిరిగింది. ఆ తరవాత ఇంకో చుట్టు. అప్పుడు నాయుడు రత్నం వైపు తిరిగాడు.

“సేపలకి దిష్టి తగుల్తాదని బెంగెట్టుకున్నావు. నాకెప్పుడైనా కట్టావేటే కాణీ?”

“నిన్నెవులు సూత్తారు మావా?”

చాలారోజులకి ఇద్దరూ నవ్వారు. “పోపెయ్యవే,” అన్నాడు.

ఇప్పుడా కాణీ నల్లతాడుతో తొట్టి బయట వేలాడుతోంది. నేను లోపల. అద్దానికి అటూ ఇటూ ఒకరినొకరం చూసుకుంటాం. అది ప్రేమతో చంపింది. నేను రోజూ నిజమే చెబుతూ చూస్తూ ఊరుకున్నాను. ఉప్పు సరిగానే ఉందని నేనన్న మాటలో తప్పు లేదు. కానీ అడిగినవాడు కనుక్కోవాలనుకున్నది ఉప్పు సంగతి కాదు, చేపలు బతుకుతాయా అని. అది నా గీతల్లో లేదు.

తొట్టిలో కొత్తనీళ్లు నింపాక, ఈసారి నాయుడు చేపకన్నా ముందు ఒక నత్తని వదిలాడు. కిందటిసారి ముందు పోయింది నత్తలే కదా. నన్ను పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి. నత్త మెల్లగా కొమ్ములు బయటపెట్టి, అద్దం ఎక్కడం మొదలుపెట్టింది.